నాలుగంగుళాల తేడా

ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ ఉండేవి. ఒక కంప్యూటరు, దానికి అతికించిన ఇంకో తెర, పొద్దుటి టీ గ్లాసు, మొద్దుబారిన రెండు పెన్సిళ్లు, రబ్బరు బ్యాండ్లు వేసి చుట్టిన పాత డ్రాయింగులు. వాటన్నిటి వెనకా కోడలు. బల్ల మీద కంచం పెట్టే చోటు లేదు కాబట్టి ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చుని, కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లు. మా ఇంట్లో బల్ల మీద ఇళ్లు వండుతారని మామగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ ముందు ఆయనే నవ్వేవారు.

ఆమె చేసే పని వినడానికి తేలికగానే ఉంటుంది. కాగితం మీద చేత్తో గీసిన పాత ప్లాన్లను స్కాన్ చేసి, కంప్యూటర్లో దిద్దుకోవడానికి వీలయ్యే గీతలుగా మార్చాలి. తల ప్రాణం తోకకొచ్చేది కొలతల దగ్గరే. స్కాన్ చేసిన కాగితం కంప్యూటర్‌కి ఉత్త బొమ్మ. అందులో ఏ గోడ ఎంత పొడుగో దానికి తెలీదు. మార్చిన ఫైలు తెరిస్తే ఒకసారి వంటిల్లు అగ్గిపెట్టెంత ఉంటుంది, ఇంకోసారి స్నానాల గదిలో విమానం దింపుకోవచ్చు. అప్పుడు నికరంగా తెలిసిన కొలత ఒకటి పట్టుకోవాలి. మామూలుగా తలుపు పట్టుకుంటారు. ఈ అంచు నుంచి ఆ అంచుకి మూడడుగులు అని కంప్యూటర్‌కి ఒక్క మాట చెప్తే, మిగతా ఇల్లంతా ఆ తలుపును చూసుకుని సర్దుకుంటుంది.

ఆ ఆదివారం బల్ల మీదున్న కాగితం వాళ్లుంటున్న భవనానిదే. నలభై ఏళ్ల కట్టడం. మెట్ల దగ్గర గోడలు పగుళ్లిస్తున్నాయని బాగుచేయించే పని, తొమ్మిదేళ్లుగా ఆమెకి డ్రాయింగులు పంపే ఇంజనీరుకే అప్పగించారు. ఆయన మర్యాదస్తుడు. ముందు "కంగారేం లేదండీ" అని, ఆ వెంటనే గడువు చెప్పే రకం. సోమవారం పొద్దున్నే అనుమతికి ప్లాన్లు ఇవ్వాలి, ఆదివారం సాయంత్రంలోగా ఫైలు అందితే చాలన్నాడు. రెండో అంతస్తులో మీ ఇల్లే ఉంది కదా, అనుమానమొస్తే టేపు పట్టుకుని లేచి కొలుచుకోవచ్చని నవ్వాడు కూడా. ఆ మాట కోడలికి నచ్చింది. ముక్కూ మొహం తెలియని ఇళ్లు గీసీ గీసీ విసిగిన మనిషికి సొంత ఇల్లు గీసుకోవడమంటే సరదాయే కదా.

పొద్దున్నే టేపు తీసి ఇల్లంతా కొలిచింది. టేపు రెండో చివర పట్టుకునే ఉద్యోగం కూతురిది. దానికి ఆరేళ్లు. ఒక్కచోట నిలవకుండా ఇల్లంతా దొర్లుతుందని తాతయ్య దానికి గోలీ అని పేరు పెట్టాడు. ఇప్పుడు బడిలో టీచర్లు కూడా అలాగే పిలుస్తున్నారు. గోలీ ప్రతి గోడకీ టేపు కొక్కెం ఆనించి, ఇక చదువుకో అని తల్లికి ఆర్డరు వేసింది. హాలు పద్నాలుగడుగులు. వంటిల్లు ఎనిమిది. లోపలి గది సరిగ్గా పది. అక్కడికొచ్చేసరికి గోలీకి ఆవలింతలు మొదలయ్యాయి. అన్నం తిన్నాక టేపు ఇవ్వనని పేచీ పెట్టి, దాన్ని దిండు పక్కన పెట్టుకుని, లోపలి గదిలో మంచం మీద నిద్రపోయింది. భర్తకి ఆదివారం డ్యూటీ ఉంది. మామగారు హాల్లో వాలుకుర్చీలో పేపరు తెరుచుకున్నారు. కింద సైకిల్ షాపులో ఎవరో రిమ్ము మీద సుత్తితో కొడుతున్నారు.

మామగారు ముప్పై ఎనిమిదేళ్లు చేత్తో ప్లాన్లు గీసిన మనిషి. చెయ్యి వణకడం మొదలయ్యాక మానేశారు గానీ, కళ్లు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాయి. ఆయనకి ఈ కాగితం మొదటి నుంచీ నచ్చలేదు. అమ్మోనియా ఆవిరి పట్టించి తీసిన, ఊదారంగు గీతల పాతకాలపు ప్రింటు అది. గీసినవాడు సంతకం పెట్టాల్సిన గడి ఖాళీగా ఉంది. కుడి మూల, సరిగ్గా వీళ్ల లోపలి గది ఉన్నచోట, అరచేతంత పసుపు మరక. ఆయన భూతద్దం పెట్టి చూశారు, వాసన చూశారు, మళ్లీ చూశారు. అచ్చు తీసిన రోజున ముక్కు మండాలి గానీ, నలభై ఏళ్ల తర్వాత ఇంత ఘాటేమిటని ఆయన అనుమానం. మీ ముక్కు ఎవర్నీ ఓ పట్టాన నమ్మదు మామయ్యా అని కోడలు నవ్వేసింది.

ఒంటిగంటన్నరకి ఆమె తలుపు పట్టుకుంది. ఇది మూడడుగులు అని చెప్పింది. ఇల్లు సర్దుకుంది. తెర మీద హాలు పద్నాలుగు, వంటిల్లు ఎనిమిది, వసారా నాలుగున్నర. పొద్దున్న టేపు చెప్పిందే గీతలూ చెప్పాయి. ఒక్క లోపలి గది మాత్రం పదడుగుల నాలుగంగుళాలు వచ్చింది. కాగితం మీద అంకె పదే. టేపు చెప్పిందీ పదే. గీతే మాట వినలేదు.

మరక పడ్డ మూల ఎప్పుడో తడిసి సాగి ఉంటుందని ఆమెకి తేలిగ్గానే అర్థమైంది. పద్ధతిగా చేస్తే కాగితమంతా గళ్లు వేసి, ఏ గడి ఎంత సాగిందో చూసుకుంటూ మొత్తం సరిచెయ్యాలి. దానికి సాయంత్రం దాకా పడుతుంది. తొందరగా చేస్తే ఆ ఒక్క గదిని విడిగా పట్టుకుని నాలుగంగుళాలు కుదిస్తే సరి. ఈ మాట పైకి అన్నదే తడవు, వాలుకుర్చీలో పేపరు కిందికి దిగింది.

"కాగితం సాగితే మొత్తాన్నీ సర్దాలమ్మా. ఒక్క గదిని పట్టుకుని నొక్కకూడదు. మేం ఎప్పుడూ అలా చెయ్యలేదు."

"ఎందుకని?"

తెలిసిన సమాధానం ఎక్కడ పెట్టారో గుర్తురాని మనిషిలా కనిపించారు. "చెయ్యొద్దన్నారు. చెయ్యలేదు" అని మళ్లీ పేపరు ఎత్తుకున్నారు.

ఇలాంటి సమాధానాలు కోడళ్లకి కొత్త కాదు. ఆమె ఆయన గురక మొదలయ్యేదాకా ఆగింది. ఆయన మీద గౌరవం కొద్దీ ఆగిందో, గొడవెందుకని ఆగిందో ఆమెకే తెలియాలి. తర్వాత మౌసుతో లోపలి గది చుట్టూ ఒక గడి లాగింది. అలా లాగితే ఆ గడిలో ఉన్నవన్నీ ఒక్కసారిగా పట్టుబడతాయి. లోపల ఏమేం ఉన్నాయని కంప్యూటరు అడగదు, మనమూ ఒకటికి రెండుసార్లు చూసుకోం. ఈ గది పదడుగులు అని చెప్పి బొత్తం నొక్కింది.

తెర మీద గది కాస్త ముడుచుకుంది. లోపలి గదిలోంచి ఏదో చప్పుడు వినిపించింది. బిరుసు కాగితాన్ని ఎవరో నెమ్మదిగా మడతపెడుతున్నట్టు. గోలీ ఒత్తిగిలి ఉంటుందని అనుకుంది.

వంటింటి పేరూ, హాలు పేరూ రాసి వచ్చి చూస్తే లోపలి గది మళ్లీ పదడుగుల నాలుగంగుళాలు ఉంది. తనే పొరపాటున పాతదాన్ని తెచ్చుకుని ఉంటుందనుకుని మళ్లీ గడి లాగి కుదించింది. మళ్లీ ఆ మడత చప్పుడు. ఈసారి సన్నగా ఇసుక రాలినట్టు కూడా వినిపించింది. మెట్ల పగుళ్లున్న ఇంట్లో సున్నం రాలడం వింత కాదు. పది నిమిషాలకి చూస్తే గది మళ్లీ నాలుగంగుళాలు పెరిగి కూర్చుంది. ఆమెకి ఒళ్లు మండింది. పళ్లు బిగబట్టి మూడోసారి కుదించింది. ఆ తర్వాత అది కదల్లేదు. గెలిచినట్టే అనిపించింది. ఫైలు దాచి, మూసి, ఇంజనీరుకి పంపేసి, చేతులు వెనక్కి విరుచుకుంది. అప్పటికి మూడు కావస్తోంది.

ఇంతసేపు నిద్రపోతే రాత్రికి గోలీ ఎవర్నీ పడుకోనివ్వదు. లేపుదామని లోపలి గది దాకా వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది.

ఎందుకాగిందో ముందు తెలీలేదు. ఎండ కిటికీలోంచి బాగానే పడుతోంది. ఫ్యాను తిరుగుతోంది. గోలీ మోకాళ్లు ముడుచుకుని మంచం మీద నిద్రపోతోంది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ గది మొత్తం కాస్త అవతల ఉన్నట్టుంది. మంచం పది బారల దూరంలో ఉన్న మంచంలా కనిపిస్తోంది, ఆమె నిలబడ్డదేమో నాలుగడుగుల దూరంలో. ముక్కుకి ఘాటుగా ఏదో తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగే వాసన.

కిందికి చూసింది. హాల్లో పలకలూ గదిలో పలకలూ ఒకటే రకం. వాటి అతుకుల గీతలు హాల్లోంచి తిన్నగా గదిలోకి వెళ్తాయి. ఇప్పుడు గుమ్మం దగ్గర అవి కలవడం లేదు. ఒక్కో గీత పక్కదానికన్నా ఇంకాస్త తప్పుకుని మొదలవుతోంది.

తెర చూసీ చూసీ కళ్లు చెదిరాయనుకుంది. అనుకున్నదే గానీ కాలు లోపల పెట్టడానికి మనసొప్పలేదు. పెట్టాక అల్మారా పిడి ఎక్కడుండాలో అక్కడ తగల్లేదు. చెయ్యి కాస్త కిందికి దించాల్సి వచ్చింది. మంచం అంచు మోకాలికి తగిలేది, ఇప్పుడు ఇంకా కింద తగిలింది. ఆమె చప్పుడు చెయ్యకుండా గోలీ దిండు పక్కనున్న టేపు తీసుకుని, ఆ గోడ నుంచి ఈ గోడకి లాగి చూసింది.

సరిగ్గా పదడుగులు.

మళ్లీ కొలిచింది. పది. గట్టిగా ఊపిరి వదిలి, టేపుతో సహా హాల్లోకి వచ్చి భర్తకి ఫోను చేసింది. గది చిన్నదైనట్టుందని చెప్పింది. అతను డ్యూటీలో ఉన్నా తీరిగ్గానే విన్నాడు. కొలిచావా అన్నాడు. కొలిచానంది. ఎంతుంది అన్నాడు. పది అంది. మరింకేం, నేనూ పొద్దున్నుంచీ ఏం తినలేదు, నాకూ అన్నీ చిన్నగానే కనిపిస్తున్నాయి అని నవ్వి, పని ఉందని పెట్టేశాడు. ఆమె కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ మాటలకి మామగారికి మెలకువ వచ్చింది. కళ్లు తెరిచీ తెరవగానే ముక్కు ఎగబీల్చారు.

"ప్రింటు ఎవరు తీస్తున్నారమ్మా?"

ఎవరూ తియ్యడం లేదని చెప్పింది. జరిగిందీ చెప్పింది. గదిని విడిగా కుదించిన సంగతి దాచలేదు. మూడుసార్లు అని చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఆమెకి కాస్త ధైర్యంగా ఉండేది. లేచి, బీరువా తెరిచి, గుడ్డలో చుట్టి పెట్టుకున్న తన పాత స్టీలు స్కేలు తెచ్చారు. ఒక అడుగు స్కేలు. అంకెలు వేళ్ల రాపిడికి సగం అరిగాయి. దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి, టేపు ఇమ్మని చెయ్యి చాపారు. స్కేలు మొదలూ టేపు మొదలూ ఒకచోట కలిపి, టేపుని దాని పక్కనే పరిచారు.

టేపు మీద పన్నెండో అంగుళం, స్కేలు మీద పదకొండు దాకా రాలేదు.

ఇద్దరూ దాని మీదికి వంగారు. కింద సైకిల్ షాపులో సుత్తి చప్పుడు ఆగింది. వీధిలో ఎవరో ఎవర్నో పిలిచారు. టేపు మీద ఒకటీ, రెండూ, మూడూ అన్నీ వరసగా చక్కగా ఉన్నాయి. ఎక్కడా చెరగలేదు, నలగలేదు. అంతా కాస్త కాస్త చిన్నగా ఉంది.

మామగారు గుసగుసగా అడిగారు. "ఈ టేపు ఇంతసేపూ ఎక్కడుంది?"

"గదిలో."

"గదిలో ఇంకేముంది?"

కుర్చీ పడిపోయిన చప్పుడు కూడా ఆమెకి వినిపించలేదు. గదిలోకి పరిగెత్తేసరికి గోలీ లేచి మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు చెదిరి, బుగ్గ మీద దుప్పటి మడత అచ్చు పడి, రోజూ నిద్ర లేచినట్టే ఉంది. తల్లిని చూసి, కాళ్లు దగ్గరికి లాక్కుని, గోడ వైపు జరిగింది.

"అమ్మా... నువ్వెందుకు ఇంత పెద్దగా అయిపోయావు?"

ఏం లేదు నాన్నా, నిద్రమత్తులో అలా ఉంటుందని ఏదో చెప్పింది. చేతులు చాపింది. గోలీ రావడానికి కొంచెం సేపు పట్టింది. ఎత్తుకుంటే తెలిసింది. మొన్నటిదాకా ఎత్తుకోలేక, ఇక నడువమ్మా అని దించేసిన పిల్ల. ఇప్పుడు రెండేళ్ల కిందటి బరువుంది. తల తన భుజం మీద ఆనేచోట ఆనలేదు. వేసుకున్న గౌను సరిపోయింది, చేతి గాజులు సరిపోయాయి, జడకున్న క్లిప్పూ సరిపోయింది. అవన్నీ కూడా ఆ గదిలోనే ఉన్నాయి కదా.

హాల్లోకి తెచ్చి సోఫాలో తాతయ్య ఒళ్లో కూర్చోబెట్టింది. తాతయ్య చొక్కా గుండీలు పెద్దవయ్యాయని గోలీ ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. ఆయన దాని వీపు నిమురుతూ అవునన్నారు.

గదిలోంచి తెచ్చేశాను కాబట్టి పరవాలేదు. ఇక ఏమీ కాదు. ఆమె ఆ మాట మనసులో పదిసార్లు అనుకుంది. అనుకుంటూనే ఫైలు తెరిచి, చేసినవి వెనక్కి తీసుకోబోయింది. ఆ బొత్తం వెలవెలబోయి ఉంది. ఫైలు ఒకసారి మూసేశాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఈ సంగతి రోజూ తెలిసిందే, కొత్తగా చేరినవాళ్లకి తనే చెప్పే పాఠం. సరే, కుదించినంతా తిరిగి పెంచుదామనుకుంది. లెక్క వేసుకుని, గది చుట్టూ గడి లాగి, పెంచింది. తెర మీద గది పెద్దదైంది. బల్ల మీద టేపు పెరగలేదు. ఇంకాస్త పెంచింది. తెర మీద లోపలి గది హాలుని తోసుకుని, గోడ దాటి, మెట్ల మీదికి పోయింది. టేపు ఉన్నచోటే ఉంది. కుదించమంటే మూడుసార్లు విన్నది, పెంచమంటే ఒక్కసారి వినలేదు. ఇక దేన్ని ముట్టుకోవాలన్నా భయమేసి, మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

కాగితం చింపేద్దామా అని అడిగింది. మామగారు కాగితం వైపు చూశారు. గోలీ వైపు చూశారు.

"చింపితే ఏం చిరుగుతుందో తెలుసా నీకు?" అన్నారు.

తెలీదు. ఇద్దరికీ తెలీదు. ఆ ఇంట్లో ఒకరిది ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం, ఇంకొకరిది తొమ్మిదేళ్లది. ఇద్దరూ కలిసి ఒక పసిపిల్లని రెండేళ్ల పాత కొలతకి దిగకుండా ఆపలేకపోయారు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. కూతురు చూస్తోందని దిగమింగింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఫైలు తన దగ్గర మాత్రమే లేదని. ఇంజనీరుకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఐదుసార్లు చేసింది. ఫైలు తెరవొద్దు, దయచేసి దేన్నీ ముట్టుకోవద్దు అని రాసి పంపింది. అది చేరినట్టు చూపించింది, చదివినట్టు చూపించలేదు. భర్తకి చేసింది. విరామం అయిపోయి అతని ఫోను మళ్లీ లాకర్లోకి వెళ్లిపోయే వేళ అది. మోగి మోగి ఆగిపోయింది. పక్కింటి తలుపు తట్టి ఎవరికైనా చెబుదామనుకుంది. ఏమని చెప్పాలి? ఎవరొచ్చి చూసినా పాప గౌను పాపకి సరిపోయే ఉంటుంది. పిల్ల కాస్త చిక్కింది, పాలు పట్టించండి అంటారు.

నాలుగు దాటింది. ఎండ సోఫా మీద నుంచి బల్ల కాళ్ల మీదికి దిగింది. గోలీ తాతయ్య గుండీలతో ఆడుకుంటూ ఉంది. కోడలు బల్ల ముందు నిలబడి స్కేలునీ టేపునీ చూస్తూ ఉంది. ఎందుకు చూస్తోందో తనకే తెలీదు. చూడకపోతే ఏమైనా జరుగుతుందని భయం...

బిరుసు కాగితం మడతపడిన చప్పుడయింది. లోపలి గదిలోంచి కాదు. ఎక్కడి నుంచో చెప్పలేం. చాలా దగ్గరగా...

ఆమె కళ్ల ముందే టేపు వెనక్కి జరిగింది. ఎవరూ ముట్టుకోలేదు. పదకొండుకి కాస్త ఇవతలున్న పన్నెండో అంగుళం మెల్లగా, ఏ తొందరా లేకుండా పదిన్నర దగ్గరికి వచ్చి ఆగింది.

"తాతయ్యా, చెవిలో టప్‌మంది" అంది గోలీ.

ఆమె వెనక్కి తిరిగింది. తిరగడానికి ఎంతసేపు పట్టిందో. మామగారి ఒళ్లో గోలీ అలాగే కూర్చుంది. ఇందాక దాని పాదాలు ఆయన మోకాళ్ల కింద వేలాడుతున్నాయి. ఇప్పుడు మోకాళ్ల దాకానే ఉన్నాయి. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. ఒళ్లో బరువు తగ్గడం ఆయనకి చూడకుండానే తెలిసింది.

గదిలోంచి తెచ్చేసినంత మాత్రాన ఏమీ ఆగలేదన్నమాట. ఆ గడి లాగినప్పుడు ఏం పట్టుబడిందో అది పట్టుబడే ఉంది.

ఫోను మోగింది. ఆమె తొందరలో స్పీకరు నొక్కేసింది.

"కంగారేం లేదండీ" అన్నాడు ఇంజనీరు. "మీ ఫోన్లు ఇప్పుడే చూశాను. ఫైలు తెరిచాను, పని చాలా శుభ్రంగా ఉంది. లోపలి గదొక్కటే నాలుగంగుళాలు ఎక్కువ చూపిస్తోంది. మీకు మళ్లీ శ్రమెందుకని దాన్ని విడిగా పట్టుకుని నేనే కుదించేశాను."

"అది వెనక్కి తీసుకోండి" అంది. "ఫైలు మూయకండి. చేసింది ఒక్కటీ వెనక్కి తీసుకోండి. మీకు దండం పెడతాను."

"అయ్యో, అంత మాటెందుకండీ. దాచి, మూసి, మళ్లీ తెరిచాను కూడా. ఇప్పుడు సరిగ్గా పదడుగులుంది."

ఆమె నోరు తెరిచింది. "మా పాప..." అంది. తొమ్మిదేళ్లుగా తప్పొప్పుల గురించి మాట్లాడుకున్న మనిషితో ఈ తప్పుని ఏ పేరు పెట్టి చెప్పాలో తెలీలేదు. పాప పడుకుందేమో, నెమ్మదిగా మాట్లాడతానని ఆయన నిజంగానే గొంతు తగ్గించాడు. ఆ మర్యాద చూస్తే ఆమెకి గట్టిగా అరవాలనిపించింది.

"ఇంకొక్కటి ఉందండీ. స్కాన్‌లో పడ్డ దుమ్ము చుక్కలు కొన్ని అలాగే మిగిలిపోయాయి. అవి ఉంటే అనుమతిచ్చే ఆఫీసులో ఒప్పుకోరు. నాలుగున్నాయి. హాల్లో మూడు దగ్గర దగ్గరగా ఉన్నాయి. లోపలి గదిలో ఒకటి."

చుక్కలన్నీ ఆమె మధ్యాహ్నమే తుడిచేసింది. ఒక్కటీ వదల్లేదు. ఆమె తన తెర వైపు చూడలేదు. హాల్లో చూసింది. సోఫాలో మామగారు, ఆయన ఒళ్లో గోలీ, బల్ల దగ్గర తను. ముగ్గురు.

తర్వాత లోపలి గది వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది. మంచం మీద ఎవరూ లేరు. గోలీ లేచి వచ్చేశాక దుప్పటి నలిగి అలాగే పడుంది.

"లోపలి గదిలోది తీసేశాను" అన్నాడు.

లోపల మంచం కిర్రుమంది. కూర్చున్న మనిషి లేస్తే అయ్యే చప్పుడు. ఆ తర్వాత గదిలో ఇక ఏమీ వినిపించలేదు. అప్పటిదాకా అక్కడ ఏదో వినిపిస్తూ ఉండేదని, అది ఆగాకే ఆమెకి తెలిసింది.

"ఆపండి" అంది. గుసగుసగా వచ్చింది. ఆయనకి వినబడిందో లేదో.

"మూడే కదండీ, ఎంతసేపు. మధ్యలో ఉన్న చిన్నది ముందు తీసేస్తాను."

మామగారు రెండు చేతులా గోలీని గుండెకి అదుముకున్నారు. ఫోనులో మౌసు నొక్కిన చప్పుడు వినిపించింది.